తీరాన ఒక హెచ్చరిక బోర్డు: కొత్త డిజైనర్లకు అండమాన్ చెప్పే పాఠాలు

2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా పశ్చిమ తీరానికి చేరువలో, సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సునామీ అలలు నికోబార్ దీవులను చేరడానికి గంట కూడా పట్టలేదు. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయి, అక్కడి లైట్‌హౌస్ అడుగుభాగం నీటిలో నిలిచింది.

ఆ విషాదం తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. 2007 నుంచి అది పనిచేస్తోంది. అయితే భూకంప కేంద్రం దగ్గరలోనే ఉంటే ప్రజలకు దొరికే సమయం నిమిషాల్లోనే ఉంటుంది. ఎటు పరుగెత్తాలో అప్పుడు వెతుక్కునే వీలుండదు, ముందే తెలిసి ఉండాలి. ఆ సంగతి రోజూ కళ్లముందు ఉంచేది దారి పక్కనుండే బోర్డు. యునెస్కో 'సునామీ రెడీ' గుర్తింపు కోరే ఊళ్లు ఇలాంటి బోర్డులను బహిరంగంగా పెట్టాలన్నది ఆ కార్యక్రమం షరతుల్లో ఒకటి.

ఇలాంటి బోర్డును రూపొందించడం గ్రాఫిక్ డిజైనర్ పనే. అందంగా ఉందా లేదా అన్నది ఇక్కడ తర్వాతి సంగతి. ముందుగా, కొత్త మనిషికి కొన్ని క్షణాల్లో అర్థం కావాలి. డిజైన్ నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి అభ్యాసం దొరకదు.

చదివేది ఎవరు?

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో బెంగాలీ మాతృభాషగా ఉన్నవారు సుమారు 28 శాతం. హిందీ 19, తమిళం 15, తెలుగు 13 శాతం. నికోబారీ, మలయాళం మాట్లాడేవారు చెరో 7 శాతానికి పైగా ఉన్నారు. వీరుగాక పర్యాటకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

అన్ని భాషలనూ ఒకే బోర్డులో ఇరికిస్తే ప్రతి భాషా చిన్నదైపోయి ఏదీ చదవలేని స్థితి వస్తుంది. అందుకే అసలు సమాచారాన్ని బొమ్మ, బాణం, అంకె మోయాలి. ఎత్తైన చోటికి పరుగెడుతున్న మనిషి బొమ్మ, బాణం, '400 మీ.' అన్న దూరం ఉంటే చాలావరకు పని జరిగినట్టే. ఆ రేవునో, ఆ తీరాన్నో ఎక్కువగా వాడేవారు ఎవరో కనుక్కుని, వారి భాషలు రెండో మూడో ఎంచుకుని కింద రాయవచ్చు. మిగతా భాషలకు పక్కనే మరో బోర్డు పెట్టడం మేలు.

ప్రమాదమంటే ఎరుపేనా?

కొత్తవారు తరచుగా చేసే పొరపాటు ఇది. హెచ్చరిక అనగానే అంతటా ఎరుపు నింపేస్తారు. భద్రతా గుర్తులకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7010 ఉంది. అందులో నల్ల అంచున్న పసుపు త్రిభుజం ప్రమాదాన్ని, అడ్డగీతతో ఎర్ర వలయం నిషేధాన్ని, నీలి వృత్తం తప్పక చేయాల్సిన పనిని, ఆకుపచ్చ చతురస్రం లేదా దీర్ఘచతురస్రం సురక్షిత మార్గాన్ని చెబుతాయి. తప్పించుకునే దారి చూపే బాణాన్ని ఎర్ర వలయంలో పెడితే 'అటు వెళ్లవద్దు' అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

ప్రతి రంగుకూ ఒక ఆకారం ఉండటానికి కారణం ఉంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు కొందరుంటారు. దీనికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉండటం వల్ల ఈ లోపం పురుషుల్లో ఎక్కువ. వారికి రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది.

అక్షరం ఎంత ఎత్తు?

కళ్ల డాక్టరు గోడకు తగిలించే పట్టికలోనే దీనికి జవాబుంది. మామూలు చూపున్న మనిషి 6 మీటర్ల దూరం నుంచి చదవగలిగే అతి చిన్న ఇంగ్లిషు అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు. ఈ లెక్కన 30 మీటర్ల నుంచి చదవాలంటే దాదాపు 44 మిల్లీమీటర్లు కావాలి. అది మంచి వెలుతురులో, నిదానంగా చూసినప్పటి కనీస కొలత. కంగారులో, వానలో, మసక వెలుతురులో చదవాలంటే దానికి రెండు మూడు రెట్లు, అంటే 10 సెంటీమీటర్ల వరకు ఉండాలి.

తెలుగుకు ఇంకాస్త జాగ్రత్త అవసరం. ద, ధలకూ ప, ఫలకూ తేడా కింద ఉండే చిన్న గీతే. మరీ లావు ఫాంట్ వాడితే అక్షరం లోపలి ఖాళీలు పూడుకుపోయి ఆ గీత కలిసిపోతుంది. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లిషు కంటే ఎక్కువ ఖాళీ వదలాలి.

బోర్డు తయారు కాకముందే దీన్ని పరీక్షించవచ్చు. 30 మీటర్ల దూరంలోని 10 సెంటీమీటర్ల అక్షరం, 60 సెంటీమీటర్ల దూరంలోని 2 మిల్లీమీటర్ల అక్షరం కంటికి ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. డిజైన్‌ను ఆ మేరకు చిన్నదిగా ముద్రించి చేయి చాచి చూస్తే లోపాలు బయటపడతాయి.

రంగుల మధ్య తేడా

అక్షరం, నేపథ్యం వెలుగులో ఎంత తేడాగా ఉన్నాయో చెప్పేది కాంట్రాస్ట్ నిష్పత్తి. తెలుపుపై నలుపుకు ఇది 21:1. తెలుపుపై ముదురు పసుపు కూడా చాలా తక్కువ నిష్పత్తికి పడిపోతుంది. వెబ్ పేజీల్లో మామూలు అక్షరాలకే కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. సముద్రం ఫొటో మీద అక్షరాలు వేస్తే ఈ నిష్పత్తి చోటుచోటుకూ మారిపోతుంది. అందుకే హెచ్చరిక బోర్డుకు ఒకే రంగు నేపథ్యం మంచిది.

ఎండకు మొదట పోయే రంగు

అండమాన్‌లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఎండ, ఉప్పుగాలి సరేసరి. ఎక్కువ శక్తి ఉండే నీలి, అతినీలలోహిత కాంతిని పీల్చుకునే ఎర్ర రంగులు చాలావరకు త్వరగా వెలిసిపోతాయి. కార్బన్‌తో చేసిన నలుపు చాలాకాలం నిలుస్తుంది.

ఈ తేడా ప్రాణాల మీదికి తేవచ్చు. మొసళ్లున్న తీరంలో 'ఈత నిషేధం' బోర్డు ఉందనుకుందాం. ఎర్ర వలయం, అడ్డగీత వెలిసిపోతే మిగిలేది ఈదుతున్న మనిషి నల్ల బొమ్మ ఒక్కటే. దాన్ని చూసినవారు ఇక్కడ ఈదవచ్చనుకుంటారు. కాబట్టి ఎండను తట్టుకునే రంగులు వాడమని అడగడం, నిషేధాన్ని నల్ల అక్షరాల్లో కూడా రాయడం, బోర్డును ఎప్పుడు మార్చాలో ముందే చెప్పడం డిజైనర్ బాధ్యతే.

'బాగుందా?' అని అడగొద్దు

బోర్డు నమూనాను స్నేహితులకు చూపించి 'ఎలా ఉంది?' అంటే 'బాగుంది' అనే అంటారు. దాన్ని ఎన్నడూ చూడని పదిమందికి చూపి, 'ఇది చూస్తే మీరేం చేస్తారు?' అని అడగాలి. అమెరికా భద్రతా గుర్తుల ప్రమాణం ప్రకారం కనీసం 85 శాతం మంది సరైన అర్థం చెప్పాలి. ప్రమాదకరంగా తప్పు అర్థం చేసుకునేవారు 5 శాతం మించకూడదు.

చివరి పరీక్ష బోర్డు నిలబెట్టే చోటే జరగాలి. రోడ్డుకు ఒక పక్క సరిగ్గా ఉన్న బాణం, అదే ఫైలుతో ముద్రించి అవతలి పక్క పెడితే సముద్రం వైపు చూపిస్తుంది. కంప్యూటర్ తెరపై ఈ తప్పు కనిపించదు. తీరంలో నిలబడి, బాణం చూపిన వైపు నాలుగడుగులు వేసి చూస్తేనే తెలుస్తుంది.