నీడపట్టున వడదెబ్బ

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. అట్టి ఎండలను ఎరిగిన తెలుగువారికి 45 డిగ్రీల వేడిమి పెద్ద వింత కాదు. కాని చలిదేశమని పేరుపొందిన కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమందలి లిట్టన్ అను చిన్న గ్రామములో, 2021 జూన్ 29వ తేదీన ఉష్ణమాపకము 49.6 డిగ్రీల సెంటీగ్రేడును చూపినది. అంతకు పూర్వము ఆ దేశములో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45 డిగ్రీలు. అది 1937 నాటిది. 84 సంవత్సరములు నిలిచిన ఆ హద్దును లిట్టన్ వరుసగా మూడు దినములు దాటినది. మరునాడు మంటలు చెలరేగి గ్రామములో అధికభాగము బూడిదయైనది.

ఇంత వేడిమి ఎట్లు కలిగినది? అధిక పీడనముగల గాలి ఆ ప్రాంతముపై మూతవలె కదలక నిలిచినది. పైగాలి క్రిందికి దిగునపుడు నొక్కుడుపడి వేడెక్కును. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట విద్యార్థులు ఎరిగినదే. పొడిగాలి ఒక కిలోమీటరు దిగినచో సుమారు 10 డిగ్రీలు వేడెక్కును. మేఘములు ఏర్పడవు, ఎండ అడ్డులేక నేలను కాల్చును.

ఇట్టి మూతలు పూర్వమును ఏర్పడుచుండెడివి. అయితే బొగ్గు, పెట్రోలియము మండించుటచే గాలిలో కార్బన్ డయాక్సైడు అను బొగ్గుపులుసు వాయువు పది లక్షల భాగములకు 280 నుండి 420కి పైగా పెరిగినది. భూమినుండి వెలువడు ఉష్ణమును ఈ వాయువు కొంత పట్టియుంచును. ఈ మార్పు లేనిచో అంతటి వేడిమి దాదాపు అసంభవమనియు, అదే స్థితి పారిశ్రామిక యుగారంభమున ఏర్పడినచో సుమారు 2 డిగ్రీలు తక్కువగా నుండెడిదనియు శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

జూన్ 25 నుండి జులై 1 వరకు ఆ రాష్ట్రములో 619 మంది వేడిమివలన మరణించిరని అచటి మరణ విచారణ శాఖ తేల్చినది. వారిలో నూటికి 98 మంది కప్పు క్రిందనే మరణించిరి. నూటికి 67 మంది 70 ఏండ్లు నిండినవారు. సగమునకు మించి ఒంటరిగా నివసించువారు. ఎండలో తిరుగని వీరికి వడదెబ్బ ఎట్లు తగిలినది?

మన శరీరము సుమారు 37 డిగ్రీల వద్ద ఉండవలెను. చుట్టునున్న గాలి అంతకు మించి వేడిగా నున్నప్పుడు శరీరమును చల్లబరచునది చెమట ఒక్కటే. ఒక గ్రాము చెమట ఆవిరి యగుటకు సుమారు 580 కేలరీల ఉష్ణము కావలెను. మట్టికుండలో నీరు చల్లబడుటయు ఇట్లే. ఇందులకై గుండె చర్మమునకు అధికముగా రక్తము పంపవలసియుండును. వృద్ధులకు చెమట తక్కువ. దప్పికయు అంతగా తెలియదు.

ఒకటి రెండు వారములు ఎండకు అలవాటుపడిన శరీరమునకు చెమట త్వరగా, అధికముగా పోయును. అందు ఉప్పు తక్కువ. ఆ వ్యవధి కెనడా వారికి దొరకలేదు. చలినుండి కాపాడుటకు కట్టిన ఇండ్లు వేడిని లోపల బంధించినవి. పలువురికి గదిని చల్లబరచు యంత్రములు లేవు. రాత్రియు గది చల్లబడక, గుండెకు విశ్రాంతి దొరకలేదు.

అలవాటున్న మనకు భయము లేదనుటయు పొరపాటు. 2015 మే మాసపు వడగాడ్పులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వెయ్యిమందికి పైగా మరణించిరి. సముద్రతీరమున గాలిలో తేమ అధికమైనచో చెమట ఆరదు. అప్పుడు ఉష్ణోగ్రత కొంత తక్కువైనను ప్రమాదమే. దీనిని తరగతిలోనే చూడవచ్చును. రెండు ఉష్ణమాపకములను తీసికొని, ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి విసరవలెను. రెండింటి భేదము ఎంత తగ్గిన, చెమట ఆరుట అంత కష్టమని తెలియును.

ఎండలో తిరుగవద్దని చెప్పినంతమాత్రమున చాలదు. వడగాడ్పు దినములలో, ముఖ్యముగా రాత్రి చల్లబడనప్పుడు, ఇంటిలో ఒంటరిగా నున్న వృద్ధుల తలుపు తట్టి, నీరు త్రాగించి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, గాలి విసరుట ప్రాణరక్షణమే.