సాహా కట్టిన ఇంట్లో మన కుర్చీ ఎక్కడ?

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ ఈడెన్ హిందూ హాస్టల్లో ఒక కుర్రాడి పక్కన కూర్చుని అన్నం తినడానికి తోటి విద్యార్థులు ఒప్పుకోలేదు. సరస్వతీ పూజ దగ్గరికీ రానివ్వలేదు. చదువుల దేవత అని మొక్కేవాళ్లే, క్లాసులో అందరికంటే బాగా చదివేవాళ్లలో ఒకడిని గడప బయట నిలబెట్టారు. ఆ కుర్రాడే మేఘనాద్ సాహా. 1920లో నక్షత్రాల వెలుగును చదివే సూత్రాన్ని ప్రపంచానికి ఇచ్చిన భౌతిక శాస్త్రవేత్త.

సాహా 1893లో ఢాకా దగ్గరి శేవ్‌రాతలి గ్రామంలో చిన్న దుకాణదారు ఇంట్లో పుట్టాడు. ఆ కులం నేటి పశ్చిమ బెంగాల్ ఎస్సీ జాబితాలో లేదు. కానీ ఆనాటి భద్రలోకం దాన్ని తక్కువ కులంగానే చూసింది. ఊళ్లో పై తరగతులు లేకపోవడంతో మైళ్ల దూరంలోని బడికి పోవాల్సి వచ్చింది. అక్కడ ఒక డాక్టరు ఇంట్లో చోటు దొరికింది. షరతు ఏమిటంటే, తన ఎంగిలి కంచం తానే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. 1905లో ఢాకాలో గవర్నర్ రాకను బహిష్కరించినందుకు బడి నుంచి తీసేశారు, స్కాలర్‌షిప్పూ పోయింది. ఇన్ని దాటాకే కలకత్తా చేరాడు.

ఆయన కనిపెట్టింది ఏమిటో సులువుగా చెప్పుకుందాం. నక్షత్రం నుంచి వచ్చే కాంతిని రంగులుగా విడగొడితే మధ్యమధ్యలో నల్లని గీతలు కనిపిస్తాయి. ఏ మూలకం ఉంటే దాని గీతలు పడతాయి. మరి కొన్ని నక్షత్రాల్లో కొన్ని గీతలు గట్టిగా, మరికొన్నింట్లో అసలు లేకుండా ఎందుకుంటాయి? అక్కడ ఆ మూలకం లేకపోవడమే కారణం కానక్కర్లేదని సాహా చెప్పాడు. వేడి పెరిగేకొద్దీ అణువులు కాదు, పరమాణువులే ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటాయి. దీన్నే అయనీకరణం అంటారు. అలా మారిన పరమాణువు వేరే గీతలు చూపిస్తుంది. ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి ఎన్ని పరమాణువులు అలా మారతాయో లెక్కగట్టేదే సాహా సమీకరణం. నక్షత్రాల్లో ఎక్కువగా ఉన్నది హైడ్రోజన్ అని 1925లో సెసీలియా పేన్ తేల్చింది ఈ సమీకరణం ఆధారంగానే.

అయితే ఈ విజయానికి ముందు ఒక దెబ్బ ఉంది. 1917లో కాంతి పీడనం మీద సాహా ఒక వ్యాసం రాసి అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కు పంపాడు. అచ్చు ఖర్చులో కొంత భరించమన్నారు. ఆయన దగ్గర అంత డబ్బు లేదు. చివరికి ఆ పని కలకత్తా విశ్వవిద్యాలయం పత్రికలో వచ్చింది, బయట పెద్దగా ఎవరూ చూడలేదు. వందేళ్లు దాటినా కథ మారలేదు. ఇవాళ పేరున్న కొన్ని అంతర్జాతీయ పత్రికలు ఒక్క వ్యాసాన్ని అందరికీ ఉచితంగా చదివేలా వేయడానికి లక్షల రూపాయలు అడుగుతున్నాయి. జాతీయాదాయంలో ఒక శాతం కూడా పరిశోధనకు పెట్టని దేశంలో ఆ ఫీజు ఎవరికి భారమో చెప్పాలా?

ఇక్కడ మనం అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. ఫిజిక్స్ ఒంటరిగా చేసే తపస్సు కాదు. గైడ్ ఒప్పుకోవాలి, ల్యాబ్‌లో పరికరం మీద సమయం దొరకాలి, ఫెలోషిప్ నెలనెలా రావాలి, సిఫారసు లేఖ కావాలి, సెమినార్‌కు పిలుపు రావాలి. ప్రవేశ పరీక్షలో ర్యాంకు వీటిలో ఏదీ ఇవ్వదు. ఇవన్నీ మనుషుల చేతుల్లో ఉన్నాయి. ఆ మనుషులు దాదాపు ఒకే సామాజిక వర్గాల వాళ్లయినప్పుడు కులం అనే మాట ఎత్తకుండానే కులం పనిచేస్తుంది.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇందుకు సాక్ష్యం. తమిళనాడు నుంచి వచ్చి అక్కడ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీకి చేరిన దళిత విద్యార్థి సెంథిల్ కుమార్‌కు గైడ్‌నే కేటాయించలేదు. 2008 ఫిబ్రవరిలో ఆయన ప్రాణం తీసుకున్నాడు. గైడ్ల కేటాయింపు పద్ధతిలో స్పష్టత లేదని విశ్వవిద్యాలయం వేసిన కమిటీయే చెప్పింది. ఎనిమిదేళ్ల తర్వాత అదే ప్రాంగణంలో రోహిత్ వేముల. కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్నవాడు. నెలల తరబడి ఫెలోషిప్ డబ్బు అందనివాడు.

ఇదంతా వ్యక్తుల దురుసుతనం మాత్రమే అనుకుంటే పొరపాటు. చట్టంలోనే తలుపు మూసి ఉంది. కేంద్ర విద్యాసంస్థల బోధనా పోస్టుల్లో రిజర్వేషన్ కోసం 2019లో వచ్చిన చట్టం నాలుగో సెక్షన్ చూడండి. శ్రేష్ఠతా సంస్థలు, పరిశోధనా సంస్థలు, జాతీయ, వ్యూహాత్మక ప్రాధాన్యం ఉన్న సంస్థలు అంటూ షెడ్యూల్‌లో చేర్చిన వాటికి ఈ చట్టం వర్తించదు. ప్రవేశాల కోసం 2006లో చేసిన చట్టంలోనూ ఇదే మినహాయింపు ఉంది. ఆ జాబితాలో ఎవరున్నారు? ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, బాబా అణు పరిశోధనా కేంద్రం, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్. వీటితో పాటు కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్!

1950లో మేఘనాద్ సాహా స్థాపించిన సంస్థ అది. అన్నం పంక్తిలో చోటివ్వని సమాజాన్ని ఎదిరించి కట్టిన ఇల్లు. ఇవాళ ఆ ఇంటికే మినహాయింపు బోర్డు తగిలించారు.

దీనికి చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే, ప్రతిభ. 1992 ఇంద్రా సాహ్నీ తీర్పులో కూడా అణు, అంతరిక్ష రంగాల శాస్త్రవేత్తల పోస్టుల్లో రిజర్వేషన్ మంచిది కాకపోవచ్చని అన్నారు. ఈ వాదనకు జవాబు సాహా జీవితమే. ఆయన పక్కన కూర్చోవడానికి నిరాకరించినవాళ్లకు ఆయన ప్రతిభ కనబడలేదు, కులమే కనబడింది. తలుపు దగ్గర కాపలా ఉన్నవాడే ప్రతిభను కొలుస్తుంటే ఆ కొలత మీద నమ్మకం ఎలా కుదురుతుంది? పైగా సాహాకు స్కాలర్‌షిప్పులు, పేదింటి పిల్లవాడికి చోటిచ్చిన ఇల్లు, చదువు చెప్పిన మంచి గురువులు దొరికారు. అవి దొరక్క ఆగిపోయిన సాహాలు ఎందరో లెక్క లేదు.

సాహా ల్యాబ్‌లోనే ఉండిపోలేదు. 1952లో ఎన్నికల్లో గెలిచి లోక్‌సభకు వెళ్లాడు. నదుల వరదల మీద, పరిశ్రమల మీద, ప్రణాళికల మీద మాట్లాడాడు. సైన్స్ ప్రజల వ్యవహారం అని ఆయన నమ్మకం. మనమూ అదే మాట పట్టుకోవాలి.

గురుకులాల నుంచి, ప్రభుత్వ డిగ్రీ కాలేజీల నుంచి ఎమ్మెస్సీ ఫిజిక్స్ దాకా వస్తున్న మన పిల్లలకు నెట్ కోచింగ్ ఒక్కటే చాలదు. మనం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. ప్రతి పరిశోధనా సంస్థ విద్యార్థులు, అధ్యాపకుల సామాజిక వివరాలు ఏటా బయటపెట్టాలి. పెట్టకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. పీహెచ్‌డీలో చేరిన ప్రతి ఒక్కరికీ గడువులోపు రాతపూర్వకంగా గైడ్‌ను కేటాయించాలి. ఫెలోషిప్ నెలనెలా రావాలి. వ్యాసాల ప్రచురణ ఖర్చు సంస్థే భరించాలి. అన్నిటికంటే ముందు 2019 చట్టం షెడ్యూల్‌ను సవరించాలి. అందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు, కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలని ఆ చట్టమే చెబుతోంది.

సాహా ఫొటోకు దండలు వేసే సంస్థలు ముందు ఆయన పక్కన మన పిల్లలకు ఒక కుర్చీ వేయాలి.