కాపలా కుక్కకు, గాదె పిల్లికి ఆహారము

పాడిగేదెకు దాణా ఎంత, దుక్కిటెద్దుకు చొప్ప ఎంత అని లెక్క చూచి పెట్టెడు రైతు, కళ్ళములో ధాన్యపు రాశిని రాత్రంతయు కాచెడు కుక్కకు ఏమి పెట్టుచున్నదీ లెక్క చూడడు. ఇంటిల్లిపాదియు భోజనము చేసిన పిదప కుండలో మిగిలిన అన్నముపై ఇంత పులుసో చారో పోసి వాకిట పెట్టుట మన పల్లెలలో వాడుక. పిల్లికి ఆపాటి కూడ లేదు. అన్నము పెట్టిన పిల్లి ఎలుకను పట్టదను నమ్మకము దానికి అడ్డు వచ్చును. ఈ రెండును రైతుకు పని చేయు జంతువులే. వీని ఆహారములో జరుగు పొరపాట్లు వీనినే గాక, ఒక్కొక్కప్పుడు రైతు మందను, రైతు ఇంటి పిల్లలను గూడ బాధించును. అందుచేత ఈ విషయమును కొంచెము వివరముగా చెప్పుకొందము.

కుక్క వేరు, పిల్లి వేరు

కుక్క మాంసాహార జాతిలో పుట్టినను, వేల సంవత్సరములుగా మనిషి వెంట తిరిగి మనిషి తిండికి అలవాటు పడినది. పిండిపదార్థములను జీర్ణము చేయు అమైలేజు అను రసమునకు కారణమైన జన్యువు తోడేలులో రెండు ప్రతులు మాత్రమే యుండగా, కుక్కలో అంతకు చాల ఎక్కువ ప్రతులు ఉన్నవని 2013లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. కావున అన్నము, రాగిసంకటి, జొన్నరొట్టె కుక్కకు పనికిరావనుట సరికాదు. బాగుగా ఉడికినచో అవి దానికి కావలసిన శక్తిని చక్కగా ఇచ్చును. వానిలో చాలనివి మాంసకృత్తులు, సున్నము.

పిల్లి సంగతి అట్లు కాదు. అది నేటికిని పూర్తిగా మాంసాహారియే. మన శరీరము గాని, కుక్క శరీరము గాని తయారు చేసికొనగల కొన్ని పదార్థములను పిల్లి తయారు చేసికొనలేదు. అందు ముఖ్యమైనది టారిన్. ఇది మాంసము, చేపలలో కలదు. ధాన్యములలో, పప్పులలో లేదు. టారిన్ చాలని పిల్లికి కంటిలోని వెనుక పొర క్షీణించి చూపు పోవునని 1975లోను, గుండె కండరము బలహీనపడి గుండె ఉబ్బునని 1987లోను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆకుకూరలలోను, క్యారటులోను ఉండు పసుపువర్ణపు పదార్థమును మనము ‘ఎ’ విటమినుగా మార్చుకొందుము, పిల్లి మార్చుకొనలేదు. కాబట్టి పెరుగన్నముతో పిల్లిని పెంచుచున్నామని చెప్పువారు తెలిసికొనవలసినదేమనగా, ఆ పిల్లి బ్రతుకుచున్నది వారి పెరుగన్నము వలన కాదు, వారు చూడనప్పుడు పట్టి తినిన ఎలుకల వలన.

కుక్కకు ఎంత పెట్టవలెను?

మన నాటు కుక్క పెరిగిన పిమ్మట 15 కిలోల బరువు ఉన్నదనుకొనుడు. దీనికి రోజుకు సుమారు 850 నుండి 950 కేలరీల శక్తి కావలెను. రాత్రులు తిరుగుచు కాపలా కాయు కుక్కకు, మంద వెంట నడచు కుక్కకు ఇంకను ఎక్కువ కావలెను. 240 గ్రాముల బియ్యము వండి పెట్టినచో కేలరీలు సరిపోవును. అయితే ఆ బియ్యములో మాంసకృత్తులు 17, 18 గ్రాములకు మించవు. పెరిగిన కుక్క తిను ఆహారములో, తేమ తీసివేసి చూచినప్పుడు, నూటికి 18 పాళ్ళయినను మాంసకృత్తులు ఉండవలెను. అనగా ఈ కుక్కకు రోజుకు 38 గ్రాములు కావలెను. అన్నము మాత్రమే తిను కుక్క కడుపు నిండియు సగము పస్తున్నదే యగును. వెంట్రుకలు పేలవమై రాలుట, వెన్ను మీది కండ తరుగుట, ఈనిన కుక్కకు పాలు చాలకపోవుట ఇందువలన కలుగవచ్చును.

దీనిని సవరించుటకు ఎక్కువ ఖర్చు అక్కరలేదు. 150 గ్రాముల నూకలు లేక రాగిపిండి, 30 గ్రాముల కందిపప్పు లేక పెసరపప్పు, ఒక ఉడికిన కోడిగ్రుడ్డు, 100 గ్రాముల కోడిమాంసము, ఒక చెంచా నూనె కలిపి మెత్తగా వండి రెండు పూటలుగా పెట్టినచో మాంసకృత్తులు సుమారు 45 గ్రాములు వచ్చును. మంచి మాంసమే కావలెనను నియమము లేదు. కోళ్ళ దుకాణములో చవకగా దొరకు గుండె, కందనకాయ చాల మంచివి. కార్జము కూడ మంచిదే గాని వారమునకు ఒకటి రెండు మారులు కొంచెముగా పెట్టిన చాలును. అందులో ‘ఎ’ విటమిను అధికముగా నుండుటచే నిత్యము పెట్టిన, ముఖ్యముగా పిల్లికి, ఎముకల జబ్బు వచ్చును. గ్రుడ్డును పచ్చిగా పెట్టవద్దు. పచ్చి తెల్లసొనలోని ఒక పదార్థము బయోటిన్ అను విటమినును ఒంటికి అందనీయదు. ఉడికించినచో ఆ దోషము పోవును.

ఇక సున్నము. పై తిండిలో ఇది బహు స్వల్పము. మాంసములో భాస్వరము ఎక్కువ, సున్నము తక్కువ. మాంసము విరివిగా పెట్టి పెంచిన కుక్కపిల్ల కాళ్ళు వంకర తిరుగుట కొందరైనను చూచియుందురు. కోడిగ్రుడ్డు పెంకును కడిగి, ఎండబెట్టి, పిండివలె నూరి ఉంచుకొనుడు. ఒక పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియము కలదు. పైన చెప్పిన కుక్కకు రోజుకు సగము పెంకు పొడి చాలును. రాగులు వాడు ఇండ్లలో ఇంకను తక్కువ చాలును. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా బియ్యములో దాదాపు 10 మిల్లీగ్రాములే యున్నది. రాయలసీమ రైతు కుక్కకు సంకటి ముద్ద వేయుట ఈ విధముగా చూచిన తెలివైన పనియే.

మిగిలిన కూర, పులుసు పోయుట మానవలెను. కారము, ఉప్పు మాట అటుంచి, ఉల్లి, వెల్లుల్లి ఈ జంతువుల రక్తములోని ఎర్రకణములను పగులగొట్టును. వండినంత మాత్రమున ఈ గుణము పోదు. పిల్లి దీనికి మరింత లొంగును. 4 కిలోల పిల్లికి 20 గ్రాముల ఉల్లి హాని చేయుటకు చాలును. ద్రాక్ష, ఎండుద్రాక్ష తినిన కుక్కలకు మూత్రపిండములు చెడిపోవుట కలదు గనుక ద్రాక్షతోటలు గలవారు రాలిన పండ్లను కుక్కలకు అందనీయరాదు. వండిన కోడి ఎముకలు సూదులవలె చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును.

పుచ్చు కాయలు కుక్కకా?

వేరుసెనగ వలిచినపుడు బూజు పట్టినవి, ముడుచుకొనినవి, రంగు మారినవి ఏరి ప్రక్కన పోయుదురు. అవి అంగడికి పోవు, పారవేయుటకు మనసొప్పదు. ఉడికించి కుక్కకో, దంచి గేదెకో పెట్టుదురు. పంట పండించుటలో చివరి దశను గూర్చి బోధించువాడను గనుక ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను: బూజు పట్టిన గింజ ఏ జంతువునకును ఆహారము కాదు. ఊడలు దిగి కాయలు గట్టిపడు సమయమున బెట్ట తగిలినను, పీకిన కాయ సరిగా ఎండకున్నను ఆస్పర్జిల్లస్ అను బూజు చేరి ఆఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో ఇట్టి వేరుసెనగ పిండి తిని లక్షవరకు టర్కీ కోళ్ళు చచ్చిన పిదపనే ఈ విషము లోకమునకు తెలిసినది. కుక్క దీనికి మిక్కిలి సులభముగా లొంగును. 2005 చివర అమెరికాలో బూజు పట్టిన మొక్కజొన్నతో తయారైన కుక్కల ఆహారము తిని నూరుకు పైగా కుక్కలు చనిపోయినవి. ఆ దేశములో జంతువుల ఆహారమునకు విధించిన హద్దు నూరు కోట్ల పాళ్ళలో 20 పాళ్ళు. అంత స్వల్పమును కంటితో గాని, నాలుకతో గాని కనిపెట్టలేము. ఉడికించినను, వేయించినను ఈ విషము పూర్తిగా పోదు. తిండి మానుట, వాంతులు, కన్నులు, చిగుళ్ళు పచ్చబడుట దీని గుర్తులు. అవి కనబడు నాటికి కాలేయము చాలవరకు చెడియుండును. గేదెకు పెట్టినచో విషము పాలలోనికి దిగి మీ ఇంటి పిల్లలకు చేరును. వేరుసెనగ కాయలను తేమ నూటికి 8 పాళ్ళకు తగ్గువరకు ఎండబెట్టి నిలువ చేయుడు. ఏరివేసిన పుచ్చులను పాతిపెట్టుడు.

పచ్చి ప్రేగులు, ఊపిరితిత్తులు

గొర్రెల కాపరులు ఈ భాగమును తప్పక చదువవలెను. పండుగకు, జాతరకు మేకను గాని, గొర్రెను గాని కోసినపుడు నీటితిత్తులు గల కార్జమును, ఊపిరితిత్తులను తినుటకు పనికిరావని కుక్కలకు విసరివేయుట అలవాటు. ఆ నీటితిత్తులలో ఒక చిన్న బద్దెపురుగు యొక్క పిల్లదశ కలదు. కుక్క ప్రేగులలో అవి పెద్ద పురుగులై గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు పేడతో బయటపడి గడ్డికి, నీటికి, కుక్క బొచ్చునకు అంటుకొనును. ఆ గడ్డి మేసిన గొర్రెకు మరల తిత్తులు ఏర్పడును. కుక్కను నిమిరి చేతులు కడుగకుండ అన్నము తినిన మనిషికి గూడ కాలేయములోను, ఊపిరితిత్తులలోను ఇవే తిత్తులు ఏండ్ల తరబడి పెరిగి, కొన్నిట శస్త్రచికిత్స చేయవలసి వచ్చును. తల ఒక ప్రక్కకు వాల్చి గిరగిర తిరుగు గొర్రెలను మీరు చూచియుందురు. దానికి కారణమైన మెదడులోని తిత్తి కూడ కుక్క ద్వారా వచ్చు మరియొక బద్దెపురుగుదే. గొర్రె తలకాయను కుక్క పాలు చేసిన చోట ఆ రోగము మందను వదలదు.

ఈ చక్రమును ఒక్క చోట తెంచిన చాలును. తిత్తులున్న భాగములను లోతుగా పాతిపెట్టవలెను. కుక్కకు పెట్టు లోపలి భాగములను, తిత్తులు కనబడినను కనబడకున్నను, మరుగు నీటిలో అరగంటకు తక్కువ గాకుండ ఉడికించవలెను. కుక్కకు బద్దెపురుగుల మందు ఎన్నినాళ్ళకు ఒకసారి పట్టవలెనో పశువైద్యుని అడిగి తెలిసికొనుడు. సాధారణపు నులిపురుగుల మందులన్నియు వీనిపై పనిచేయవు.

గాదె పిల్లి

ఆకలిగొన్న పిల్లియే బాగుగా వేటాడునను మాట నిజము కాదు. వేట పిల్లికి ఆకలి వలన మాత్రమే కలుగు పని కాదు. కడుపు నిండిన పిల్లియు కదలు ఎలుకను వదలదు. ఆకలిగొన్న పిల్లి చేయునది ఇల్లు విడిచి పోవుట. 1953లో ఇంగ్లండులో చార్లెస్ ఎల్టన్ అను జీవశాస్త్రజ్ఞుడు రైతుల కొట్టముల వద్ద పిల్లులను గూర్చి వ్రాసిన వ్యాసములో, ఎలుకలను ముందుగా తొలగించి, పిమ్మట పిల్లులకు పాలు పోయుచు అక్కడ నిలిపియుంచినచో ఎలుకలు మరల చేరకుండ అవి ఆపగలవని తెలిపెను. అప్పటికే దండిగా పెరిగియున్న ఎలుకలను నిర్మూలించుట పిల్లి వలన కాదు. పందికొక్కుతో తలపడు పిల్లులు కొన్నియే.

4 కిలోల పిల్లికి రోజుకు 200 నుండి 250 కేలరీలు చాలును. ఆహారములో నూటికి 26 పాళ్ళయినను మాంసకృత్తులు ఉండవలెను. కోడి గుండె, కాలి మాంసము, ఉడికించిన చేప మంచివి. టారిన్ ఉడికిన నీటిలోనికి దిగును గనుక ఆ నీటిని పారబోయక ఆహారములోనే కలుపవలెను. కొన్ని చేపలలో బి1 విటమినును చెరచు పదార్థము కలదు; ఉడికించిన అది నశించును. ఉప్పుచేపలు పెట్టవద్దు. పాలు పిల్లికి ప్రియమే గాని, పెరిగిన పిల్లులలో చాలవానికి పాలలోని చక్కెర అరుగక విరేచనములగును. నీరు మాత్రము ఎల్లప్పుడు ఉంచవలెను.

ఎలుకమందు పెట్టినపుడు మరింత జాగ్రత్త కావలెను. బ్రోమడయోలోన్ తినిన ఎలుక కొన్ని దినములు తిరిగి చచ్చును. అట్టి ఎలుకలను తినిన పిల్లికి, కుక్కకు రక్తము గడ్డకట్టక లోలోపల కారును. సకాలములో కె1 విటమిను ఇప్పించిన బ్రతికించవచ్చును. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లముతో కలిసి విషవాయువును పుట్టించును. దీనికి విరుగుడు లేదు. తినినట్లు అనుమానము కలిగిన నోట అన్నము, పాలు పోయక వెంటనే పశువైద్యశాలకు తీసికొని పోవుడు. చచ్చిన ఎలుకలను ప్రతి ఉదయము ఏరి పాతిపెట్టవలెను.

పొట్లముల ఆహారము కొనువారికి

పొట్లముపై వ్రాసిన మాంసకృత్తుల అంకెను తేమతో సరిచూడక పోల్చరాదు. నూటికి 80 పాళ్ళు తేమ, 8 పాళ్ళు మాంసకృత్తులు గల తడి ఆహారములో, తేమ పోగా మిగిలిన 20 పాళ్ళలో 8 మాంసకృత్తులే. అనగా నూటికి 40. తేమ 10, మాంసకృత్తులు 24 అని వ్రాసిన ఎండు గుళికలలో అదే లెక్కన 27 కంటె తక్కువ. అయితే తడి ఆహారములో మీరు డబ్బిచ్చి కొనునది ఎక్కువ భాగము నీరు. కుక్కల కొరకు చేసిన దానిని పిల్లికి నిత్యము పెట్టరాదు. అందులో టారిన్ చాలినంత ఉండునను నమ్మకము లేదు. పెద్ద సంచి కొని మూతి తెరచి వానాకాలములో నెలల తరబడి ఉంచినచో, పైన చెప్పిన బూజే అందును చేరును.

ఏ ఆహారమునైనను ఒక్కసారిగా మార్చక, పాతదానిలో కొత్తది కొంచెము కొంచెముగా పెంచుచు వారము దినములలో మార్చుడు. కుక్క ఒక పూట మానినను అంత భయము లేదు. పిల్లి, అందులోను బలిసిన పిల్లి, రెండు మూడు దినములు ఏమియు తినకున్నచో కాలేయములో కొవ్వు చేరి ప్రాణము మీదికి వచ్చును గనుక రెండవ నాడే పశువైద్యునికి చూపవలెను.