పతకాలు సరే, తర్వాత పనేంటి?

గుంటూరు-తెనాలి రోడ్డులో వడ్లమూడి దగ్గర బస్సాగితే దిగేవాళ్లలో ఎక్కువమంది భుజాన బ్యాగులున్న విద్యార్థులే. వాళ్లలో చాలామంది 2022లో ‘మేజర్’ చూసి కళ్లు తుడుచుకునే ఉంటారు. అది సైనికుడి పాత్ర వేసిన నటుడి సినిమా. నిజంగా యుద్ధం చేసొచ్చి, తన పాత్ర తనే వేసుకున్నవాడు ఒకడున్నాడు. పేరు ఆడీ మర్ఫీ.

టెక్సస్‌లో కౌలు రైతు కొడుకు. పన్నెండు మంది పిల్లల్లో ఏడోవాడు. తండ్రి ఇల్లొదిలి పోతే ఐదో తరగతితో చదువాపేసి పత్తి తీతకెళ్లాడు. పల్నాడు వైపు పిల్లలకి ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. పదహారేళ్లు నిండకముందే తల్లీ పోయింది. సైన్యంలో చేరతానంటే 50 కిలోలు దాటీ దాటని బరువు చూసి మెరైన్లు వద్దన్నారు. చివరికి 1942లో అక్క వయసు ఎక్కువేసి కాగితమిస్తే ఆర్మీ తీసుకుంది. (మీరు మాత్రం ఆ పని చేయకండి, సర్టిఫికెట్ల దగ్గరే దొరికిపోతారు.)

1945 జనవరి 26. ఫ్రాన్స్‌లోని హోల్ట్‌స్విర్ దగ్గర తన మనుషుల్ని వెనక్కి పంపి, మండుతున్న యుద్ధశకటం ఎక్కి, దాని మెషిన్‌గన్‌తో దాదాపు గంటసేపు జర్మన్ల దాడిని ఆపాడు. వయసు పందొమ్మిది. అమెరికా అత్యున్నత పతకం ఇచ్చింది, ‘లైఫ్’ పత్రిక ముఖచిత్రం వేసింది. ఊరూరా ఊరేగింపులు.

మరి ఉద్యోగం? తుపాకీ తప్ప వేరే పని రాదు. ఆ ముఖచిత్రం చూసి నటుడు జేమ్స్ కాగ్నీ హాలీవుడ్‌కి పిలిచాడు. నటన, మాట తీరు నేర్పించారు గానీ ఒక్క వేషమూ రాలేదు. దేశమంతా మొక్కే వీరుడు కొన్నాళ్లు ఓ వ్యాయామశాలలో పడుకున్నాడు. 1948లో చిన్న వేషం దొరికింది. 1955లో తన ఆత్మకథే సినిమాగా తీస్తామంటే, నా పాత్ర ఇంకొకరు వేస్తే మేలని వెనకాడాడు. వేశాడు. ‘జాస్’ వచ్చేదాకా, ఇరవై ఏళ్లు యూనివర్సల్ సంస్థకి అదే పెద్ద వసూళ్ల సినిమా.

చప్పట్లు కొట్టినవాళ్లకి కనిపించనిది ఇంకోటుంది. రాత్రిళ్లు నిద్రుండేది కాదు. దిండు కింద పిస్తోలు. నిద్రమాత్రలకి అలవాటుపడి, ఓ గదిలో తనని తాను బంధించుకుని మరీ మానేశాడు. యుద్ధం మనసుకి చేసే గాయం గురించి బయటికి మాట్లాడాడు, ఆ రోజుల్లో వీరుడు అలా మాట్లాడటం తేలిక కాదు. అప్పులున్నా సిగరెట్, మద్యం ప్రకటనలకి ఒప్పుకోలేదు. 1971లో విమాన ప్రమాదంలో పోయాడు, నలభై ఐదేళ్లకే.

ఇక మన సంగతి. డిగ్రీ, బీటెక్ చివరి ఏడాదివాళ్లు యూపీఎస్సీ నిర్వహించే సీడీఎస్‌కి దరఖాస్తు చేయొచ్చు. ఏటా రెండుసార్లు ఉంటుంది. రాత పరీక్ష గట్టెక్కితే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ. షార్ట్ సర్వీస్‌లో చేరితే పదేళ్లు, కావాలంటే మరో నాలుగు. అంటే ఇరవై మూడేళ్లకి చేరినవాళ్లు ముప్పై మూడుకే బయటికి రావొచ్చు. ‘రౌడీ అల్లుడు’లో కనిపించిన కెప్టెన్ రాజు సైన్యం నుంచి వచ్చాక ముందు కంపెనీ ఉద్యోగం చేసి, ఆ తర్వాతే సినిమాల్లోకి వచ్చారు. ఫారం నింపేటప్పుడే ఆ ముప్పై మూడో ఏడు గురించి ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి.