రైలు డ్రైవరు మనోవ్యథ

పట్టాలపై మనిషి మరణించినప్పుడు మనము మృతునికొరకు, అతని కుటుంబముకొరకు విచారింతుము. ఇంజనులో కూర్చుండి ఆ దృశ్యమును చూచిన డ్రైవరును, నేటి మాటలో లోకో పైలట్‌ను, తలచువారు అరుదు.

ఇరవైరెండు పెట్టెల ఎక్స్‌ప్రెస్ బండి బరువు వేయి టన్నులకు మించును. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రమునకు పట్టు స్వల్పము. అందువలన గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు బండి, అత్యవసర బ్రేకు వేసిన పిమ్మటకూడ కిలోమీటరుకు దగ్గరగా సాగిగాని నిలువదు. మనిషి 300 మీటర్ల దూరమున కనబడినచో, బండి అతనిని చేరుటకు పదిహేను సెకనులైన పట్టదు. బండిని ప్రక్కకు త్రిప్పుటకు వీలులేదు. హారను మ్రోగించి, బ్రేకు వేసి, చూచుచుండుటయే డ్రైవరుకు మిగులును.

ఆ కొద్ది సెకనులే అతనిని పిమ్మట బాధించును. భయము కలుగగానే శరీరములో అడ్రినలిన్ ఊరి, గుండె వేగముగా కొట్టుకొనును. ఆ దృశ్యము జ్ఞాపకమున గాఢముగా నాటుకొనును. నిద్రపట్టదు. పీడకలలు వచ్చును. బండి ఆ చోటికి చేరగానే చెమటలు పట్టును. ‘క్షణము ముందుగా బ్రేకు వేసియుంటినా?’ అను ప్రశ్న వెంటాడును. ఇట్టి లక్షణములు నెలకు మించి నిలిచి, జీవితమునకు అడ్డుతగులు స్థితిని 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము ప్రత్యేక వ్యాధిగా గుర్తించినది.

ఇది పిరికితనము కాదు. విధినుండి విశ్రాంతి, తోటివారి ఆదరణ, అవసరమైనచో మానసిక చికిత్స దీనిని నయము చేయగలవు. బండిని ఆపలేకపోయినది తన చేయి కాదనియు, బరువు వేగముల నియమమే అనియు అతనికి నచ్చజెప్పవలెను.

మూసిన గేటువద్ద మనము ఆగినచో మన ప్రాణముతోపాటు ఒక డ్రైవరు నిద్రనుకూడ కాపాడినవారమగుదుము.