కొల్లేరు అంచు ఎక్కడ?

వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు వాగులు పొంగితే కొల్లేరు సరస్సు ఊళ్ల మీదికొస్తుంది. ఎండాకాలంలో చిక్కిపోతుంది. మరి పటంలో దాని అంచు ఎక్కడ గీయాలి?

నీటిని కాదు, నేల ఎత్తును చూసి గీస్తారు. సముద్ర మట్టాన్ని సున్నాగా తీసుకుని, ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలిపితే వచ్చే గీతే కాంటూరు. 1999లో కొల్లేరు అభయారణ్యానికి +5 అడుగుల కాంటూరును హద్దుగా పెట్టారు. లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి నేల పళ్లెంలా చదును కదా, ఎత్తులో ఒక్క అడుగు తేడా వచ్చినా గీత చాలా దూరం జరుగుతుంది. ఎవరి చేపల చెరువు లోపల, ఎవరిది బయట అన్నదే మారిపోతుంది. హద్దు మీద గొడవంతా అందుకే! హద్దును +3 అడుగులకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం కూడా చేసింది.

ఇలా సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తును మీరూ చూడొచ్చు. రైల్వే స్టేషన్లలో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద అది రాసి ఉంటుంది. తణుకుది ఎంతో, ఏలూరుది ఎంతో ఈసారి రైలెక్కినప్పుడు చూడండి.