తుపాకి మీద సువార్త

తుపాకికి బిగించి గురి చూసుకొనే దుర్భిణీ మీద, వరుస నంబరు చివర, "జె.ఎన్. 8:12" అని చిన్న అక్షరాలు. చూసినవాడు అదీ నంబరే అనుకుంటాడు. కాదు, యోహాను సువార్త, ఎనిమిదవ అధ్యాయం, పన్నెండవ వచనం!

మిషిగన్ రాష్ట్రంలోని ట్రిజికాన్ కంపెనీ వీటిని చేసి అమెరికా సైన్యానికి అమ్మింది. ఇరాక్‌లోనూ ఆఫ్ఘనిస్తాన్‌లోనూ సిపాయిలు వీటితో గురి చూశారు. చీకట్లో కూడా గురి గుర్తు వెలిగే పరికరం కనుక కాబోలు, ఈ వచనమూ, కొన్నిటిమీద చెక్కిన కొరింథీ పత్రికలోని వచనమూ వెలుగును గురించినవే. ముచ్చటైన ఊహే, ఒప్పుకుంటాను.

అయితే డబ్బిచ్చింది సర్కారు. రాజ్యం ఏ మతాన్నీ నెలకొల్పరాదని 1791లోనే ఆ దేశ రాజ్యాంగానికి మొదటి సవరణ చేశారు. పైగా ఆ యుద్ధరంగాలలో మతప్రచారం కూడదని సైనికులకు ఉత్తర్వు కూడా ఉండేది. ఆ సైన్యంలో యూదులున్నారు, ముస్లిములున్నారు, దేవుణ్ణే నమ్మనివారున్నారు. ఇచ్చిన తుపాకి పుచ్చుకోవలసిందే గాని, వద్దనే వీలు సిపాయికి ఎక్కడిది? ఇది తమ మతంమీద యుద్ధమని చాటే శత్రువుకి చూపించుకోవడానికి ఇంతకన్న ఏం కావాలి?

విజయదశమికి మనం ఆయుధాలకు కుంకుమ పెట్టమా అంటారేమో. పెడతాం. అది అందరికీ కనబడుతుంది, తుడిస్తే పోతుంది. ఇది అంకెలలో దాక్కుంది.

2010 జనవరిలో ఏబీసీ న్యూస్ వారు బయటపెట్టేసరికి గగ్గోలు పుట్టింది. రోజులు తిరక్కుండానే కంపెనీ, ఇకమీద చెక్కబోమనీ, ఉన్నవాటిని చెరిపే సరంజామా ఉచితంగా ఇస్తామనీ ప్రకటించింది. న్యూజిలాండు సైన్యం కూడా తన తుపాకుల మీదివి తీయిస్తానన్నది.